ధాన్యసుర: శబ్దము, పాకము, ఆచారము

కచదేవయాని కథను బోధించునపుడు 'సుర' యను పదమునకు అర్థము చెప్పవలసి వచ్చును. సాధారణముగా 'కల్లు' అనియో, 'సారాయి' అనియో, 'మద్యము' అనియో చెప్పి పాఠము ముందునకు సాగును. ఈ మూడు మాటలును ఒకే వస్తువునకు పర్యాయములని విద్యార్థి గ్రహించును. కాని కల్లు చెట్టునుండి కారిన రసము. సారాయి కాచి దింపిన ద్రవము. సుర ప్రధానార్థమున ధాన్యమును వండి పులియబెట్టిన పానీయము. మూడును మత్తు కలిగించునవే యైనను వాని పుట్టుక వేరు, చేయువారు వేరు, సంఘమున వాని స్థానము వేరు. ఈ భేదము మరుగుపడినచో ప్రాచీన గ్రంథములయందే గాక, నేటికిని ధాన్యసురను ఇంట చేసికొను జనుల విషయమునను పొరపాటు నిర్ణయములకు తావు కలుగును. మాటలో వచ్చిన కలగాపులగము చట్టములోనికిని ప్రాకుటకు ఎంతో కాలము పట్టదు.

ఈ వ్యాసమున మేము మొదట ఈ పానీయముల పాకభేదమును, పిమ్మట సంస్కృత, తమిళ గ్రంథములందలి ధాన్యసురా ప్రస్తావనలను, తరువాత నేటికిని జీవించియున్న ఒక సంప్రదాయమును, అనగా సంతాల్ జనుల 'హండి'ని పరిశీలింతుము. 'ధాన్యసుర' యను సమాసమును బియ్యము, యవలు, చోళ్లు మున్నగువానితో చేసి, కాచి దింపక త్రాగు పానీయములన్నిటికిని సామాన్యనామముగా వాడుచున్నాము.

పాకభేదము

తాటి, జీలుగు చెట్ల గెలలనుండియు, ఈతచెట్టు మ్రానునుండియు దిగు నీరా స్వభావముచేతనే తియ్యనిది. అందు చక్కెర సిద్ధముగా నున్నది. గాలిలోను, కుండలోను నుండు ఈస్ట్ అను సూక్ష్మజీవులు ఆ చక్కెరను తిని మద్యసారముగా మార్చును. ఇందులకు కొలది గంటలే చాలును. మానవుని నేర్పంతయు చెట్టెక్కుటయందును, గెలనో, మ్రానునో గాయపరచి రసము దింపుటయందును గలదు. ఆ నేర్పు అపాయకరమైనది, అభ్యాసము వలన మాత్రమే వచ్చునది. కావుననే తెలుగునాట కల్లుగీత ఒక ప్రత్యేకవృత్తియై గౌడ, ఈడిగ, శెట్టిబలిజ, యాత మున్నగు కులములవారి జీవనోపాధి యైనది. గీసినవాడు అమ్మును, తక్కినవారు కొని త్రాగుదురు. మన దేశభాగమున కల్లు అనగానే కల్లుపాక, కల్లుదుకాణము తలపునకు వచ్చుటకు ఇదియే మూలము.

ధాన్యము మాట అట్టిది కాదు. గింజలో నుండునది చక్కెర కాదు, పిండిపదార్థము. ఈస్ట్ దానిని నేరుగా తినజాలదు. ముందుగా పిండిపదార్థమును చక్కెరగా మార్పవలెను. పిమ్మట ఆ చక్కెర మద్యసారము కావలెను. మొదటి మార్పునకు లోకమున రెండు ప్రధానమార్గములు కలవు. గింజను నానబెట్టి మొలకెత్తించుట ఒకటి. మొలకలో పుట్టు జీవరసములు పిండిని చక్కెరగా విరుచును. ఐరోపా, ఆఫ్రికా ఖండముల ధాన్యపానీయములు ఈ మార్గమున చేయబడునవి. వండిన ధాన్యముపై బూజు జాతి సూక్ష్మజీవులను పెంచుట రెండవది. ఆ బూజు పిండిని చక్కెర చేయుచుండగా ఈస్ట్ దానిని మద్యసారము చేయుచుండును. చీనా, జపాను దేశములును, హిమాలయప్రాంతములును, తూర్పు భారతమును అనుసరించునది ఈ మార్గము.

ఈ పనికి చెట్టెక్కువాడు అక్కరలేదు. కావలసినవి పొయ్యి, కుండ, చాప, ఓపిక. దంచుట, వండుట, ఆరబెట్టుట, కలుపుట, మూతవేసి దినములు లెక్కించుట అన్నియు వంటయింటి పనులే. ధాన్యసుర ప్రపంచమున పెక్కుచోట్ల స్త్రీల విద్యగా నుండుటకు కారణము ఇదియే. తరవాణి కుండ నెరిగిన తెలుగు పాఠకునకు ఇది సులభముగా బోధపడును. తరవాణియందు పులుపు కలిగించు జీవుల పని ప్రధానము, మత్తు లేదు. కాని అన్నమును, గంజిని కుండలో నిలువచేసి, కంటికి కానరాని జీవులచేత పని చేయించుకొను గృహిణి నేర్పు రెండుచోట్లను ఒకటే.

ఇక సారాయి ఈ రెండింటికంటెను భిన్నమైనది. పులిసిన ద్రవమును కాచి, ఆవిరిని చల్లార్చి పట్టుటవలన మద్యసారము అనేక రెట్లు చిక్కబడును. కల్లునందును ధాన్యసురయందును ధాన్యముయొక్కయో, రసముయొక్కయో పోషకాంశము కొంత నిలిచియుండును. సారాయియందు మత్తు తప్ప మరేమియు మిగులదు. పులిసిన పానీయము కొలది దినములకే పాడగును. సారాయి చిరకాలము నిలువయుండును, దూరదేశమునకు పోవును, వర్తకునకు లాభమిచ్చును. కుండ ఇంటికి చెందినది, సీసా అంగడికి చెందినది అని స్థూలముగా చెప్పవచ్చును.

గ్రంథసాక్ష్యము

వైదికక్రతువులలో సౌత్రామణి యనునది సురతో చేయబడునది. అందు సురను సమకూర్చుటకు చెప్పబడిన ద్రవ్యములను పరిశీలించినచో పై రెండు మార్గములును ఒకచోటనే కనిపించుచున్నవి. శష్పములనగా మొలకెత్తిన వరి; తోక్మములనగా మొలకెత్తిన యవలు; లాజలనగా పేలాలు. వీనికి తోడు 'నగ్నహువు' అను మూలికల పులియుడుమందు. మొలకలు పిండిని చక్కెర చేయును, నగ్నహువు పులియజేయును. యజ్ఞభాషలో చెప్పబడినను ఇది కచ్చితమైన పాకశాస్త్రము.

కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ అధికరణమున సురాధ్యక్షుని ప్రకరణము కలదు. అందు 'మేదకము' అను పానీయమునకు కొలతలు చెప్పబడినవి: నీరు ఒక ద్రోణము, బియ్యము అర్ధాఢకము, కిణ్వము మూడు ప్రస్థములు. ద్రోణమునకు 4 ఆఢకములు, ఆఢకమునకు 4 ప్రస్థములు గనుక, 16 పాళ్ల నీటికి 2 పాళ్ల బియ్యము, 3 పాళ్ల కిణ్వము అని లెక్క తేలుచున్నది. బియ్యముకంటె కిణ్వమే అధికమా యని సందేహము కలుగవచ్చును. కాని ఆ కిణ్వమును మినుములతోను, వానికంటె మూడవవంతు అధికమైన బియ్యముతోను, కొన్ని మూలికలతోను చేయవలెనని అచటనే కలదు. అనగా కిణ్వము కూడ చాలవరకు ధాన్యమే. మన పాఠశాలల విజ్ఞానశాస్త్ర గ్రంథములందు నేడు వాడుచున్న 'కిణ్వనము', 'కిణ్వప్రక్రియ' యను మాటలు ఈ ప్రాచీనశబ్దమునుండి వచ్చినవే.

ఆ ప్రకరణముననే మరియొక ముఖ్యవిషయము కలదు. సురను చేయుట, అమ్ముట రాజ్యము అదుపులో నుండవలెనని విధించిన కౌటిల్యుడు, గృహస్థులకు మాత్రము ఒక సడలింపు నిచ్చినాడు. శుభకార్యములయందు శ్వేతసురను, ఔషధార్థము అరిష్టమును ఇంట చేసికొనవచ్చును. ఉత్సవములకు, సమాజములకు, యాత్రలకు 4 దినముల అనుమతి కలదు. అంగడి సురకు కట్టుబాటు, ఇంటి సురకు సడలింపు అను ఈ విభజన గమనింపదగినది. దీని ప్రయోజనము ముందు తెలియును.

మనుస్మృతి సురను అన్నములయొక్క మలమని నిందించి, ద్విజులకు నిషేధించినది. 'అన్నమలము' అను నిర్వచనమే సుర ధాన్యమునుండి పుట్టినదని చెప్పుచున్నది. పిమ్మట గౌడి, పైష్టి, మాధ్వి అని సురను మూడు విధములుగా చెప్పినది. గౌడి బెల్లమునుండియు, పైష్టి పిండినుండియు పుట్టినవి. వీనిలో పైష్టియే ముఖ్యసుర యనియు, తక్కిన రెండింటికి ఆ పేరు గౌణమనియు మితాక్షరాకర్తయైన విజ్ఞానేశ్వరుడు విచారణ చేసినాడు. కేతన విజ్ఞానేశ్వరీయము ద్వారమున తెలుగునకు వచ్చిన ధర్మశాస్త్రము ఈ మితాక్షరయే. కావున 'సుర' యనగా ప్రధానముగా ధాన్యసుర యని చెప్పుట మా కల్పన కాదు, శాస్త్రకారుల నిర్ణయమే.

'కల్లు' శబ్దము ద్రావిడము. తమిళమున దీని సోదరరూపము 'కళ్'. సంగమకాలపు పత్తుప్పాట్టులలో నొకటియైన పెరుంబాణాఱ్ఱుప్పడైయందు 'తోప్పి' యను పానీయము పేర్కొనబడినది. అది ఇంట వండిన కళ్ అని ఆ కావ్యమే విశేషించినది. అందే మరియొకచోట బియ్యపు జావను వెడల్పు నోటి పాత్రలో చల్లార్చి, పులియుడుముద్దను కలిపి, రెండు పగళ్లు రెండు రాత్రులు జాడీలో మాగనిచ్చి, వ్రేళ్లతో పిండి వడియగట్టు విధము వర్ణింపబడినది. చెట్టురసమునకు నేడు మనము పరిమితము చేసిన ఈ శబ్దము ఒకప్పుడు దక్షిణదేశమున ఇంట వండిన ధాన్యసురకును చెల్లెనని దీనివలన స్పష్టము. 'ఇల్లు' అను విశేషణము అచట ఊరక పడినది కాదు.

సంతాలుల హండి

ఝార్ఖండ్, పశ్చిమబెంగాల్, ఒడిశా, బీహార్ రాష్ట్రములందు నివసించు సంతాలులు ముండాభాషాకుటుంబమునకు చెందినవారు. వారు బియ్యముతో చేయు పానీయము 'హండి'. హిందీ మాటలాడువారు దీనిని 'హఁడియా' యందురు. హండి యనగా కుండ. పాత్ర పేరే పానీయమునకు పేరైనది. ముండాలు దీనిని 'ఇలి' యనియు, హో జనులు 'డియాంగ్' అనియు పిలుతురు.

హండికి ప్రాణము 'రాను' అను చిన్న ఉండ. నానిన బియ్యమును పిండిచేసి, అడవినుండి తెచ్చిన వేళ్లను, బెరడులను నూరి కలిపి, ముద్దచేసి ఉండలు కట్టుదురు. గడ్డిపై పరచి, కప్పి, బూజు పట్టిన పిమ్మట ఎండబెట్టుదురు. సంతాలీ భాషలో 'రాన్' అనగా మందు. ఏ మూలికలు, ఎంత పాలు అనునది ఊరూరికి, ఇంటింటికి మారుచుండును. ఆధునిక పరిశోధకులు ఇట్టి ఉండలలో బూజులను, ఈస్ట్‌లను, పెరుగును తోడుకొనజేయు జాతికి చెందిన జీవులను గుర్తించినారు. కౌటిల్యుని కిణ్వమునకును, సౌత్రామణి నగ్నహువునకును ఈ రాను జీవించియున్న బంధువు.

అన్నమును కొంచెము పొడిగా వండి చాపపై పరచి చల్లార్తురు. రానును పొడిచేసి చల్లి, చేతితో కలిపి, కుండలో పెట్టి ఆకులతో మూతివేయుదురు. వేసవియందు రెండు మూడు దినములు, చలికాలమున అంతకంటె అధికము. పిమ్మట నీరు పోసి వడియగట్టి, సాలాకు డొప్పలలో పోసి ఇత్తురు. తెల్లగా, పుల్లగా, కొంచెము తీపిగా నుండు ఈ ద్రవమున మద్యసారము స్వల్పము. ఎండలో పొలము దున్నివచ్చినవానికి ఇది దాహమును తీర్చునది, ఆకలిని కొంత అణచునది. అంబలికిని మద్యమునకును నడుమ దీని స్థానము.

దీని గౌరవము వారి సృష్టికథవలన తెలియును. 1871వ సంవత్సర ప్రాంతమున కొలెయాన్ అను వృద్ధగురువు చెప్పగా స్క్రెఫ్స్‌రుడ్ అను నార్వే మతాచార్యుడు వ్రాసికొనిన సంతాలుల పూర్వగాథలు 1887లో ప్రకటితమైనవి. అందు ఆదిదంపతులు పిల్చు హడాం, పిల్చు బుఢి. మరాంబురు అను దేవత వారికి మూలికలను చూపి, రాను చేయుటను, హండి పెట్టుటను నేర్పినాడు. వారు ముందుగా దేవతకు ఒలికించి పిదప తాము త్రాగిరి. ఆ రాత్రి వారు దంపతులైరి. మరునాడు సిగ్గుపడిన వారిని మరాంబురు ఓదార్చినాడు. వారి సంతానమే మానవజాతి.

దీనిని కచుని కథతో పోల్చి చూడవలెను. అచట అసురులు కచుని చంపి, కాల్చి, ఆ భస్మమును సురలో కలిపి శుక్రునిచేత త్రాగించిరి. శిష్యుడు గురువు కడుపున పడినాడు. మృతసంజీవని వలన ఇరువురును బ్రతికిరి గాని, శుక్రుడు సురాపానము మహాపాతకమని కట్టడి చేసినాడు. ఒక కథలో సుర వివేకమును హరించి గురుశిష్య సంబంధమును చెరచునది. రెండవదానిలో హండి సంబంధమునే పుట్టించునది. రెండు కథలును పానీయమును గూర్చినవిగా కనిపించినను, నిజమునకు సంఘము ఏ బంధమును ప్రాణప్రదముగా నెంచునో తెలుపునవి. విద్యనే ధనముగా నెంచిన సమాజమునకు జ్ఞాననాశము భయము. అడవిని కొట్టి పొలము చేసికొని వంశమును నిలుపుకొనవలసిన సమాజమునకు ఒంటరితనము భయము. ఒకదానిని నాగరికమనియు, రెండవదానిని అనాగరికమనియు తీర్పు చెప్పుట సాహిత్యవిమర్శ కాజాలదు.

ఆచారము, నియమము

హండి లేని సంస్కారము సంతాలులకు అరుదు. పంట ఇంటికి వచ్చిన పిమ్మట జరుగు సోహ్రాయ్ పండుగకు ఇంటింట కుండ పెట్టుదురు. దేవతలకును, పితరులకును నేలపై ఒలికించిన పిదపనే మనుష్యులు త్రాగుట. పెండ్లి మాటలయందు, అంత్యక్రియల ముగింపునందు, ఊరిపెద్దయైన మాఁఝీ సమక్షమున తగవు తీరినపుడు హండి వలయును. తప్పు చేసినవాడు ఇచ్చుకొను దండుగలో హండికిని భాగము కలదు. వాది ప్రతివాదులు కలిసి త్రాగుటతో తగవు ముగిసినట్లు. ఇరుగుపొరుగువారు కూడి ఒకరి ఇల్లు కప్పినపుడును, పొలము నాటినపుడును కూలికి బదులు అన్నమును హండియు పెట్టుట తూర్పు భారతపు గిరిజనులందు ప్రసిద్ధము.

ఇందు ఒక సహజనియమము కలదు. ధాన్యమున్నచో హండి కలదు. ధాన్యము లేనిచో లేదు. ఏటి తిండికి పోను మిగిలినదే కుండకెక్కును. అది నిలువయుండదు గనుక దాచుకొని ఒంటరిగా త్రాగుటకు వీలులేదు. చేసినది పదిమందితో పంచుకొనవలసినదే. కొలత స్త్రీ చేతిలో నున్నది. మితము శాసనమువలన గాక, పదార్థస్వభావము వలనను, పంచుకొను మర్యాద వలనను ఏర్పడినది. ఈ నియమము ఎల్లప్పుడును నిలిచినదని మేము చెప్పుట లేదు. ఆ సమాజములనుండియే దానికి ప్రతిఘటన పుట్టినది. బిర్సా ముండా (1875-1900) తన అనుచరులను త్రాగుడు మానుమని బోధించినాడు. 1914లో ఒరావులలో పుట్టిన తానాభగత్ ఉద్యమము మద్యమును, మాంసమును విడువవలెనని చాటినది. భూమి చేజారిపోవుచున్న కాలమున మత్తు కూడ ఋణదాతకు ఆయుధమగునని వారు గ్రహించిరి.

ఇల్లు, అంగడి, చట్టము

హండి సంతలోనికి వచ్చినపుడు దాని స్వభావము మారును. నేడు ఝార్ఖండ్ సంతలలోను, రహదారులప్రక్కను హండిని అమ్మి సంసారము నడుపు స్త్రీలు కలరు. మితమును నిర్ణయించిన గృహిణి చేయి అచట కొనువాని చేతికి లొంగినది. వారికి వేరొక జీవనోపాధి కల్పించుటకై ఆ రాష్ట్రప్రభుత్వము 2020లో, 1855 నాటి సంతాల్ తిరుగుబాటున ప్రసిద్ధలైన ఫూలో, ఝానో అను సోదరీమణుల పేర ఒక పథకమును ప్రారంభించినది. అమ్మకమునుండి స్త్రీలను తప్పించుట ఒక పని, ఇంటి కుండను పగులగొట్టుట వేరొక పని అను వివేకము ఇట్టి పథకములకు ప్రాణము.

భారత రాజ్యాంగము 47వ అధికరణము మద్యనిషేధమునకు కృషి చేయవలెనని రాజ్యమును ఆదేశించుచున్నది. అదే కాలమున 1970 దశకమున కేంద్రప్రభుత్వము గిరిజనప్రాంతముల అబ్కారీ విధానమును గూర్చి రాష్ట్రములకు మార్గదర్శకములిచ్చినది. ఆ ప్రాంతములందు వర్తకుల మద్యపుటంగళ్లను ఎత్తివేయవలెననియు, గిరిజనులు తమ యింటివాడుకకు సంప్రదాయపానీయములను చేసికొనుటకు అడ్డురాదనియు దాని సారము. 1996 నాటి పంచాయతీ విస్తరణ చట్టము మాదకద్రవ్యముల అమ్మకమును, వాడుకను నిషేధించుటకుగాని, క్రమబద్ధము చేయుటకుగాని గల అధికారమున గ్రామసభకు స్థానమిచ్చినది. గృహస్థునకు శ్వేతసురను అనుమతించి అంగడిని అదుపులో నుంచిన కౌటిల్యుని విభజనయే వేరొక రూపమున మరల కనిపించుచున్నది.

ఇచట తెలుగునాటి చరిత్రను స్మరింపవలెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమము ఊరూర వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారాయి అమ్మకమును నిలిపివేయించినది. ఆ స్త్రీలు ఎదిరించినది కాంట్రాక్టరు సారాయిని, భర్త కూలిని మ్రింగిన అంగడిని. తూర్పున కుండ పెట్టు స్త్రీయు, నెల్లూరున సారాయి పొట్లములను తగులబెట్టిన స్త్రీయు పరస్పరవిరుద్ధలుగా తోచవచ్చును. కాని ఇంటి ధాన్యము, ఇంటి కూలి, ఇంటి మితము తన చేతిలో నుండవలెనని ఇరువురును కోరినారు. ఒకతె ఆ అధికారమును నిలుపుకొన్నది, మరియొకతె పోగొట్టుకొని తిరిగి అడిగినది. సారాయి, హండి ఒకటే యనువానికి ఈ ఏకత కానరాదు.

పరిశోధకులకు సూచన

బోధించునపుడు సురను ధాన్యసుర యనియు, కల్లును చెట్టురసమనియు, సారాయిని కాచి దింపినదనియు వేరుచేసి చెప్పుట మొదటి కర్తవ్యము. రెండవది మన పొరుగుననే కలదు. మన మన్యమునకు ఆనుకొనియున్న కోరాపుట్ పీఠభూమియందు 'లంద' అను ధాన్యపానీయము కలదు. చోళ్లు అందు ముఖ్యధాన్యము. గదబలు, పరజలు సరిహద్దున కిరుప్రక్కల నివసించుచున్నారు. ఉత్తరాంధ్రమున చోళ్లనియు, తెలంగాణమున తైదలనియు, ఇతరత్ర రాగులనియు పిలువబడు ఆ గింజ మనకు అంబలిగా, సంకటిగా తెలియును. దాని మూడవరూపమును గూర్చిన మాటలు మన నిఘంటువులలో చేరవలసియున్నవి.

గిడుగు వేంకట రామమూర్తి (1863-1940) ముండాభాషయగు సవరను నేర్చి, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించి మార్గము చూపినారు. ఆ మార్గమున పోవు పరిశోధకుడు పానీయము పేరు మాత్రము వ్రాసికొని మరలిరాదగదు. పులియుడుమందు పేరేమి, అందలి మూలికలేవి, ఎవరు తెత్తురు, కుండకు, మూతకు, జల్లెడకు, కొలతకు పేర్లేవి, మొదటి వడపోతకును రెండవదానికిని వేరుమాటలున్నవా, ముందుగా ఎవరికి ఒలికింతురు, ఎవరు త్రాగరాదు అని విచారింపవలెను. ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగలవారు ముఖ్యముగా వృద్ధస్త్రీలు. అస్సాములోని దిమాసా జనుల బియ్యపు పానీయమైన 'జుడిమ'కు 2021లో భౌగోళికసూచిక లభించినది. ఆ గుర్తింపు ఒక పేరును కాపాడును. కుండచుట్టునున్న తక్కిన మాటలను కాపాడవలసిన బాధ్యత భాషాశాఖలది. రాను చేయుట మానిన యింట ఆ మాటలు ఒక తరముకంటె నిలువవు.